బూరయు దీపమును

ధ్యాన భాగము: మత్తయి 5:14–16, 6:1–4, 25:14–30



ఇంగ్లీషు భాషలో ఒక జాతీయము కలదు. ఒకడు తన గొప్పను తానే చెప్పుకొనునప్పుడు, వాడు తన బూరను తానే ఊదుకొనుచున్నాడని ఆ భాషవారు అందురు. 'బ్లో యువర్ ఓన్ ట్రంపెట్' అనునది ఆ మాట. అమెరికావారు బూరకు బదులు 'హారన్' అని పలుకుదురు. ఈ భావము మనకు క్రొత్తది కాదు. 'సొంత డబ్బా కొట్టుకొంటున్నాడు', 'తన డప్పు తానే వాయించుకొంటున్నాడు' అని మన పల్లెలలో చిన్నపిల్లలు సహితము అందురు. వాద్యము మారినది గాని నింద మారలేదు.

అయితే ఈ మాట ఇప్పుడు మన యిండ్లలోనికి వేరొక త్రోవను వచ్చుచున్నది. చిలకలూరిపేట చుట్టుపట్ల గ్రామములలో పత్తి తీసి, మిరపకాయలు కోసి, శీతల గిడ్డంగులలో తొడిమలు తీసి తల్లిదండ్రులు చదివించిన పిల్లలు, నేడు డిగ్రీలును ఇంజనీరింగును ముగించి గుంటూరునకు, హైదరాబాదునకు, బెంగుళూరునకు ఉద్యోగముల కొరకు పోవుచున్నారు. అక్కడ ఇంటర్వ్యూలో సాధారణముగా మొదట అడుగు ప్రశ్న ఒకటే: నిన్ను గూర్చి చెప్పుము. దానికి జవాబు నేర్పు శిక్షకులు, "మొహమాటము విడువుడి, మీ బూర మీరే ఊదుకొనవలెను, మీ కొరకు వేరెవరును ఊదరు" అని బోధించుచున్నారు. ఆదివారమున గుడిలో వినయమును గూర్చి విందురు; సోమవారమున తరగతిలో బూరను గూర్చి నేర్చుకొందురు. ఈ రెంటి నడుమ మన పిల్లల మనస్సాక్షి నలుగుచున్నది.

మా సంఘములో డిగ్రీ ముగించిన యొక యువతి మూడు చోట్లకు ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చెను. ప్రతి చోటను తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చెప్పి ఊరకుండెనట. "నన్ను నేను పొగుడుకోవటం తప్పు కదండీ అయ్యగారూ? పొగుడుకోకపోతే ఉద్యోగం రాదంటున్నారు. మరి ఏం చెయ్యమంటారు?" అని ఆమె అడిగెను. ఇది ఆమె యొక్కతె ప్రశ్న కాదు. మన సంఘములలో అనేకులు అడుగలేక మనస్సులో దాచుకొన్న ప్రశ్న. కాబట్టి దీనిని కొంచెము నెమ్మదిగా విచారింతము.

ఇంగ్లీషులో ఈ జాతీయమునకు ఎదురు నిలుచు జాతీయము మరియొకటి కలదు. తనలోని మంచిని బయటపెట్టని వానిని, దీపమును 'బుషెల్' క్రింద దాచుకొనుచున్నాడని అందురు. బుషెల్ అనునది ధాన్యపు కొలత. సుమారు 36 లీటర్లు పట్టును. ప్రభువు కాలమున వాడిన రోమా కొలత దానికంటె చాల చిన్నది, తొమ్మిది లీటర్లకు లోపుగానే ఉండెను. మన తెలుగు తర్జుమాదారులు దానిని కుంచము అనిరి. నాలుగు మానికలు ఒక కుంచమనియు, నాలుగు కుంచములు ఒక తూమనియు, ఇరువది తూములు ఒక పుట్టియనియు మన పెద్దలు ఎరుగుదురు. 1956లో చేసిన చట్టముతో కిలోలును లీటర్లును వచ్చిన తరువాత కుంచము అటకెక్కినది గాని, మన బైబిలులో మాత్రము అది నేటికిని ఉన్నది.

చూచితిరా? ఒక జాతీయము బూర ఊదువానిని గద్దించుచున్నది. రెండవది దీపము దాచువానిని గద్దించుచున్నది. మన సామెతలును ఇట్లే రెండు ప్రక్కల నిలుచును. నిండు కుండ తొణకదు అందుము. అడగనిదే అమ్మయినా పెట్టదు అనియు అందుము. ఆశ్చర్యమేమనగా, ఇంగ్లీషువారి కుంచపు జాతీయము కొండమీది ప్రసంగములోనిదే. బూర జాతీయమునకును మూలము అక్కడనే యున్నదని అనేకుల తలంపు. అయిదవ అధ్యాయములో ప్రభువు దీపమును దాచవలదనియు, మన సత్క్రియలు మనుష్యులకు కనబడవలెననియు బోధించెను. ఆ ప్రసంగము ముగియక మునుపే, ఆరవ అధ్యాయములో, ధర్మము చేయునప్పుడు బూర ఊదింపవలదనియు, కుడిచేతి పని ఎడమచేతికి సహితము తెలియనీయవలదనియు బోధించెను. ఒక్క పూటలో ఒక్క నోటనుండి వచ్చిన ఈ రెండు మాటలు ఒకదానినొకటి కొట్టివేయునవి కావు. వాటి నడుమ మనము నడువవలసిన త్రోవ యున్నది.

ఈ రెండు వాక్యములను గ్రీకు నుండి ఇంగ్లీషులోనికి తెచ్చిన విలియం టిండేల్ అను భక్తుని చరిత్ర ఇక్కడ తలంపదగినది. 1526లో జర్మనీ దేశపు వర్మ్స్ పట్టణములో ఆయన క్రొత్త నిబంధన అచ్చయినప్పుడు, దానిమీద ఆయన పేరు లేదు. రెండేండ్ల తరువాత, 1528లో, లూకా 16వ అధ్యాయములోని ఉపమానమును గూర్చి ఆయన వ్రాసిన చిన్న గ్రంథము మీద మాత్రము పేరు పెట్టెను. అప్పుడెందుకు పెట్టలేదు, ఇప్పుడెందుకు పెట్టితిని అని పీఠికలో తానే వివరించెను. సత్క్రియను రహస్యముగా చేయుమన్న క్రీస్తు ఆలోచన ననుసరించి మొదట పేరు విడిచితిననెను. తనతో పనిచేసి విడిపోయిన యొకని రచనలకు తానే బాధ్యుడని జనులు పొరబడకుండునట్లు ఇప్పుడు పేరు పెట్టవలసి వచ్చెననెను. పేరు విడుచుటకు ఒక కారణము, పేరు పెట్టుటకు ఒక కారణము. రెంటిలోను తన గొప్ప లేదు. 1536లో ఆయనను ఉరిబిగించి చంపి దేహమును కాల్చిరి. పేరు పెట్టుటయే పాపమనియు, పేరు విడుచుటయే పుణ్యమనియు ఆయన తలంపలేదు. ఎందుకు అను ప్రశ్నను మాత్రము ప్రతిసారి తన్నుతాను అడుగుకొనెను.

మనమును ఆ ప్రశ్ననే అడుగుదము. బూర చెడ్డదా? కాదు. సంఖ్యాకాండము పదియవ అధ్యాయములో మోషే రెండు వెండి బూరలు చేయించెను. సమాజమును పిలుచుటకును, ప్రయాణమునకు జనులను లేపుటకును వాటిని ఊదిరి. లేవీయకాండము ఇరువది యైదవ అధ్యాయము ప్రకారము ఏబదియవ సంవత్సరమున విడుదలను చాటించుటకు బూర ఊదవలసియుండెను. మన ఊరి ప్రక్కగా పోవు కోల్‌కతా–చెన్నై రహదారిమీద లారీల వెనుక హారన్ కొట్టుమని వ్రాసి యుండుట చూచుచున్నాము. మలుపులో హారన్ కొట్టువాడు ఎదుటివాని ప్రాణము కాపాడుచున్నాడు. ఆసుపత్రి యెదుట తన క్రొత్త బండిని నలుగురు చూడవలెనని హారన్ కొట్టువాడు రోగి నిద్ర చెరుపుచున్నాడు. హారన్ ఒక్కటే. అది ఎవరి కొరకు మ్రోగినదో దానినిబట్టి మంచిచెడ్డలు తెలియును.

ప్రభువు గద్దించిన బూర ఏది? బీదవానికి ధర్మము చేయునప్పుడు ఊదినది. వీధులలో నిజముగా బూరలు ఊదిరో, లేక అది ఉపమానమో పండితులు తర్కింతురు. యెరూషలేము దేవాలయములో బూర ఆకారముగల కానుక పెట్టెలు పదుమూడు ఉండెనని యూదుల మిష్నా గ్రంథము చెప్పుచున్నది గనుక, వాటిలో నాణెములు పడిన మ్రోతయే ఇక్కడి బూర అని కొందరు తలంచిరి. ఏది యెట్లున్నను భావము తేటగా ఉన్నది. బీదవాడు ఆకలితో నిలిచియుండగా దాత వానిని చూడక, తన్ను చూచువారిని చూచుచున్నాడు. బీదవాని ఆకలి దాత బూరకు గాలి అయినది. ఇదియే పాపము.

దీపము అట్లు కాదు. దీపస్తంభము మీద నున్న దీపమును ఎవరును తేరి చూడరు. దాని వెలుగులో తల్లి బిడ్డను చూచుకొనును, విద్యార్థి పుస్తకము చూచుకొనును. దీపము కనబడును గాని, తన్ను చూచుటకు కాదు, ఇంటిని చూచుటకు కనబడును. బూర తన తట్టు చూడుమనును. దీపము నీ పనిని నీవు చూచుకొమ్మనును. అయినను ఒక సంగతి దాచక చెప్పవలెను. దీపమును పట్టుకొన్న చేయియు ఆ వెలుగులో కొంత కనబడును. ఎవరి హృదయములోను ఈ రెండును సంపూర్ణముగా విడివడి యుండవు. కాబట్టి మన నోటినుండి మనలను గూర్చిన మాట వచ్చినప్పుడు మూడు ప్రశ్నలతో దానిని పరీక్షించుకొనవలెను.

మొదటి ప్రశ్న: ఈ మాట సత్యమేనా? గుంటూరు మిర్చి యార్డునకు సరుకు తోలిన రైతులకు ఇది బోధింప నక్కరలేదు. కొనువాడు టిక్కీ మూతి విప్పి, గుప్పెడు కాయలు తీసి, రంగు చూచి, విరిచి, ఎండినదో లేదో చూచును. రైతు తన తేజా రకమును, సన్నము రకమును మచ్చు చూపుట గొప్పలు చెప్పుకొనుట కాదు. మచ్చు చూపనిదే బేరము లేదు. అయితే మూతి దగ్గర ఎర్రని కాయలు పెట్టి అడుగున తాలు కాయలు నింపినచో, అది మచ్చు కాదు, మోసము. పత్తి సంగతియు అంతే. కొనుగోలు కేంద్రములో తేమ కొలుచు యంత్రము పెట్టుదురు. మద్దతు ధరకు తేమ 8 శాతము లోపు ఉండవలెను, 12 శాతము దాటినచో తీసికొనరు. బరువు కొరకు నీళ్లు చల్లిన పత్తి ఆ యంత్రము ముందు నిలువదు. ఉద్యోగమునకు పెట్టు బయోడేటాయు ఒక మచ్చు సంచియే. రానిది వచ్చుననుట, చేయనిది చేసితిననుట, పదిమంది చేసిన దానిని నేనే చేసితిననుట నీళ్లు చల్లిన పత్తియే. నీకు వచ్చినదానిని వచ్చునని చెప్పుట మాత్రము మచ్చు చూపుటయే. దానిలో సిగ్గుపడవలసినది ఏదియు లేదు.

రెండవ ప్రశ్న: ఈ మాట వలన ఎవరికి ఉపయోగము? ఇంటర్వ్యూలో కూర్చున్న అధికారికి ఒక అక్కర యున్నది. లెక్కలు వ్రాయువారు కావలెను, రోగులను చూచువారు కావలెను, పిల్లలకు పాఠము చెప్పువారు కావలెను. ఆ పని నీకు వచ్చియుండియు నీవు మౌనముగా నుండినయెడల, నీవు వినయము చూపుట లేదు. అడిగినవానికి జవాబు ఎగవేయుచున్నావు. వైద్యురాలు తనకు వైద్యము వచ్చునని చెప్పకపోయినచో రోగి ఎవరియొద్దకు పోవును? అడుగబడినప్పుడు, అక్కర యున్నప్పుడు చెప్పిన మాట దీపము. అడుగనప్పుడు, అక్కర లేనప్పుడు, పక్కవానిని చిన్నబుచ్చుటకు చెప్పిన మాట బూర. ఆత్మస్తుతి, పరనింద అను రెండు మాటలను మన పెద్దలు జంటగా పలుకుట ఊరకనే కాదు. మొదటిది ఎక్కడ బలియునో రెండవది అక్కడ పిలువకయే వచ్చును.

మూడవ ప్రశ్న: ఇది నాకు ఎవరు ఇచ్చిరి? తలాంతుల ఉపమానమును జ్ఞాపకము చేసికొనుడి. అయిదు తలాంతులు పొందిన దాసుడు యజమానుని యెదుట నిలిచి ఏమి చెప్పెను? నీవు నాకు అయిదు ఇచ్చితివి, నేను మరి అయిదు సంపాదించితిని అను భావముతో పలికెను. యజమానుడు వానిని గర్విష్ఠుడా అని గద్దింపలేదు, మెచ్చుకొనెను. ఎందుకనగా వాని మాట నీవిచ్చితివి అనుటతో మొదలయినది. అది గొప్ప కాదు, లెక్క. మూడవవాడు తలాంతును మంటిలో దాచెను. వానిని వినయవంతుడని ఎవరును పిలువలేదు. లెక్క అప్పగించుట గృహనిర్వాహకుని విధి. పుచ్చుకొన్నది చెప్పక, చేసినది మాత్రమే చెప్పినచో గొప్ప; పుచ్చుకొన్నదియు చేసినదియు కలిపి చెప్పినచో లెక్క.

డాక్టర్ అన్నా కుగ్లర్ అమ్మగారి సంగతి చూడుడి. 1883లో అమెరికా లూథరన్ సంఘము పంపగా గుంటూరునకు వచ్చి, స్త్రీలకును పిల్లలకును వైద్యము చేసి, ఆసుపత్రిని కట్టి, 1930లో గుంటూరులోనే కన్నుమూసెను. మరణమునకు రెండేండ్ల ముందు, 1928లో, ఆ పని చరిత్రను ఇంగ్లీషులో గ్రంథముగా వ్రాసెను. అది బూర ఊదుటయా? ఆ గ్రంథమునకు ఆమె పెట్టిన పేరులో ఉన్నది గుంటూరు మిషను ఆసుపత్రి. తన పేరు కాదు. దూరదేశమున కానుకలు పంపిన వారికి, వారి కానుక ఏమయినదో తెలియవలెను గదా. ఆసుపత్రిని కుగ్లర్ ఆసుపత్రి అని పిలిచినవారు ఇతరులు. లెక్క ఆమె వ్రాసెను. పేరు ఇతరులు పెట్టిరి.

కాబట్టి ఆ యువతికి నేను చెప్పినది ఇదే. "నిన్ను నీవు పొగడుకొనవద్దమ్మా, లెక్క అప్పగించు. నీకు ఎవరు ఏమి ఇచ్చిరో చెప్పు. దానితో నీవేమి చేసితివో చెప్పు. ఇంకను రానిది ఏదో, నేర్చుకొనగోరునది ఏదో అదియు చెప్పు." ఆమె ప్రభుత్వ హాస్టలులో ఉండి చదివినది. రెండేండ్లు అక్కడి భోజనశాల లెక్కలు వ్రాసినది. ఒక్క రూపాయి తేడా రాలేదు. ఆ సంగతిని ఆమె మూడు ఇంటర్వ్యూలలో ఒక్కచోటను చెప్పలేదు! లెక్కలు వ్రాయు ఉద్యోగమునకే ఆమె పోయినది. ఇది వినయమా? కుంచము క్రింది దీపమా? మీరే చెప్పుడి.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. మన సంఘములలో అనేకులకు మౌనము వినయమువలన వచ్చినది కాదు, భయమువలన వచ్చినది. మన తాతలలో అనేకులు డప్పు కొట్టిరి, టముకు వేసిరి. ఎవరి కొరకు? ఊరి పెద్దల పెండ్లిండ్లకు, ఊరి జాతరలకు, మునసబుగారి ఉత్తరువులకు. శిస్తు కట్టుడని చాటిరి, సంత ఫలానా దినమున అని చాటిరి. ఊరివారి సమాచారమంతయు వారి చేతి డప్పు మీదనే పలికెను గాని, వారి స్వంత సమాచారము ఎన్నడును పలుకలేదు. వారికి కూలి కుంచముతోనో మానికతోనో కొలిచి పోసిరి. కొలత తక్కువయినను నోరెత్తకుండుటను అణకువ అని మెచ్చుకొనిరి. అట్టి యింటి మనుమరాలు పట్టణములో కుర్చీమీద కూర్చుండి "నేను ఈ పని చేసితిని" అని పలుకలేకపోయినచో, అది కొండమీది ప్రసంగము ఆమెకు నేర్పిన వినయమని మనము తలంపరాదు. ప్రభువు దాచవలదన్న కుంచము క్రిందనే ఆమె దీపమును లోకము చాలకాలము ఉంచెను. వినయము స్వతంత్రుడు తనకు తాను ఎన్నుకొను గుణము. బలవంతముగా వంచిన మెడను వినయము అనరాదు.

మన జిల్లాలోని వినుకొండలో 1895లో పుట్టిన గుఱ్ఱం జాషువ కవిగారు ఈ సంగతిని అందరికంటె బాగుగా ఎరుగుదురు. జన్మనుబట్టి ఆయనకు జరిగిన అవమానములు అందరికి తెలిసినవే. 1941లో వెలువడిన ఆయన 'గబ్బిలము' కావ్యములో ఒక బీద అరుంధతీయుడు తన గోడు కాశీలోని శివునికి చెప్పుమని గబ్బిలమును వేడుకొనును. వాని మొర వినుటకు మనుష్యుడు దొరకలేదు. వానికి ప్రవేశము లేని గుడిలోనికి గబ్బిలము పోగలదు. ఆ తరువాత కవిగారు 'నా కథ' అని తన జీవితమునే పద్యములలో వ్రాసెను. దానిని సొంత డబ్బా అందుమా? నోరు మూయబడిన జనము తరపున ఒకడు నోరు తెరచినప్పుడు అది వెండి బూర వంటిది. విడుదల సంవత్సరమున ఊదిన బూర వంటిది.

అపొస్తలుడైన పౌలు జీవితములోను ఈ భేదము కనబడును. యెరూషలేములో అతనిని కొరడాలతో కొట్టబోయినప్పుడు, తాను రోమా పౌరుడనని చెప్పెను (అపొస్తలుల కార్యములు 22). అది గొప్ప కాదు, హక్కు. కొరింథు సంఘములో కొందరు తమ్మును తాము మెప్పించుకొనుచు సంఘమును త్రోవ తప్పించినప్పుడు, అతడు తప్పనిసరియై తన సంగతియు చెప్పెను. కాని ఆ జాబితాలో ఏమున్నది? అయిదు మారులు ఒకటి తక్కువ నలువది దెబ్బలు, మూడు మారులు బెత్తముల దెబ్బలు, ఒక మారు రాళ్లు, మూడు మారులు ఓడ పగులుట, చివరకు దమస్కు గోడమీద నుండి గంపలో దింపబడి పారిపోవుట (2 కొరింథీయులకు 11). ఏ ఇంటర్వ్యూ శిక్షకుడును ఇట్టి బయోడేటా వ్రాయుమని నేర్పడు! తెలుగు బైబిలులో అతిశయము అను ఒక్క మాటయే గర్వమునకును, దేవునియందలి ఆనందమునకును వచ్చును. భేదము మాటలో లేదు. ఎవనియందు అతిశయింతుము అను దానిలో ఉన్నది.

ఇన్ని చెప్పిన తరువాత మన గుడివైపు చూడకుండుట న్యాయము కాదు. పిల్లలకు బూర వద్దని చెప్పు మనము ఎన్ని బూరలు గోడలకు తగిలించితిమి! ట్యూబులైటు మీద దాత పేరు పెద్ద అక్షరములతో వ్రాయుటచేత వెలుగు సగము తగ్గినది. దీపమే కుంచమయినది! ఫ్యాను రెక్కల మీద పేర్లు, బెంచీల మీద పేర్లు. కూడికల ఫ్లెక్సీలలో ప్రభువు పేరు చిన్నది, ప్రసంగీకుని ముఖము పెద్దది. ఈ మాట బోధకులమైన మాకును వర్తించును. కోత పండుగలో కానుకలను లెక్క చెప్పవలసినదే. సంఘపు సొమ్మును గూర్చి మనుష్యుల యెదుటను నిర్దోషముగా నుండవలెనని పౌలు జాగ్రత్త పడెను (2 కొరింథీయులకు 8:20, 21). కాని లెక్క చెప్పుటకు మొత్తము చదువుట, ఎవరి రసీదు వారికిచ్చుట చాలును. వేయి రూపాయల వారి పేరు గట్టిగా చదివి, పది రూపాయల విధవరాలి పేరు గొంతులో మ్రింగినచో, అది లెక్క కాదు, బూర.

చివరకు అన్నిటికంటె ముఖ్యమైన మాట. నిన్ను నీ నోరు కాదు, ఇతరులే పొగడవలెనను హితవు సామెతలు 27:2లో కలదు. దీనిని మనము ఎల్లప్పుడు పొగడ్త కోరువానికి కళ్లెముగా వాడుదుము. అయితే ఆ వచనములో రెండవ ఆజ్ఞ దాగియున్నది. ఇతరులు చెప్పవలెనన్నచో, చెప్పవలసిన ఆ ఇతరులు ఎవరు? మనమే! సౌలు మారుమనస్సు పొంది యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులు అతనిని నమ్మక భయపడిరి. అప్పుడు బర్నబా అతనిని చేయిపట్టి తీసికొనిపోయి, అతని సంగతి అపొస్తలులకు వివరించెను (అపొస్తలుల కార్యములు 9:27). సౌలు తన బూర తాను ఊదుకొన నక్కరలేకపోయెను, బర్నబా యుండెను గనుక. జాషువ కవిగారి కాలికి చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు గండపెండేరము తొడిగినప్పుడు జరిగినదియు అదే. పేరుగాంచిన పెద్ద తన నోటితోను చేతితోను మరియొకని విలువను చాటెను.

సోదరులారా, మన సంఘములలో బర్నబాలు కొరవడినందుననే మన పిల్లలు బూరలు వెదకుకొనవలసి వచ్చుచున్నది. పేరున్న ఇండ్ల పిల్లలకు సిఫారసు చేయుటకు మామలు, బాబాయిలు ఉన్నారు. తొడిమలు తీయు తల్లి కుమార్తెకు ఎవరున్నారు? సంఘ పెద్దలారా, మీ యెదుట పెరిగిన బిడ్డ నమ్మకస్థురాలని మీకు తెలిసినయెడల, ఆ మాట తెలియవలసిన చోట చెప్పుడి. ఉత్తరము వ్రాయుడి, ఫోను చేయుడి, అవసరమైనచో తోడుగా వెళ్లుడి. ఉపాధ్యాయులారా, మీ విద్యార్థి మంచి పనిని నలుగురిలో మెచ్చుకొనుడి. తల్లిదండ్రులారా, దిష్టి తగులునని బిడ్డ మంచిని దాచకుడి. యౌవనస్థులారా, అడిగినప్పుడు తల యెత్తి లెక్క చెప్పుడి. మీతో పోయిన స్నేహితునికి మంచి పేరున్నచో అదియు చెప్పుడి. ఉద్యోగము రాకపోయినను క్రుంగకుడి. మిరపకాయకు యార్డులో ధర కట్టుదురు గాని, మనుష్యుడు టిక్కీ కాడు. మీ వెల కట్టినవాడు ఆ కుర్చీలో లేడు.

ప్రార్థన: ప్రభువా, నీవు వెలిగించిన దీపమును మేము సిగ్గుచేతనైనను భయముచేతనైనను దాచకుండునట్లును, నీ మహిమను మా బూరకు గాలిగా వాడకుండునట్లును మమ్మును కాపాడుము. నోరులేని వారికొరకు మా నోరు తెరువుము. ఆమేన్.